పోస్ట్‌గ్రెస్ ‘పీజీ అప్‌గ్రేడ్’ రివ్యూ: లింక్ ఆప్షన్ పెట్టే ముందు వెనక్కి దారి చూసుకోండి

ఐదుకి నాలుగున్నర ఇస్తాను. పోస్ట్‌గ్రెస్ అనే డేటాబేస్ సాఫ్ట్‌వేర్‌తో పాటే ఉచితంగా వచ్చే ఈ పీజీ అప్‌గ్రేడ్ కమాండ్ తన పని నమ్మకంగా చేస్తుంది, ఎక్కడ ఆగిందో ఎందుకు ఆగిందో చెప్పి మరీ ఆగుతుంది, వేల టేబుళ్లున్న డేటాబేస్‌ని కూడా తడబడకుండా కొత్త వెర్షన్‌కి చేరుస్తుంది. ఆ అర మార్కు ఎక్కడ తగ్గించానో కొలేషన్ (అక్షరాల క్రమం) సంగతి వచ్చినప్పుడు చెబుతాను. మాదాపూర్ నుంచి నానక్‌రామ్‌గూడ దాకా నేను చూసిన చాలా ఆఫీసుల్లో దీన్ని వాడే తీరు ఒకటే. ఎవరో వాట్సాప్‌లో పంపిన లైన్ కాపీ చేయడం, వెనకాల లింక్ ఆప్షన్ (ఫైళ్లకు నకలు తీయకుండా పాతవాటినే వాడుకునేది) తగిలించడం, శనివారం రాత్రి ఎంటర్ కొట్టడం. పని అయిపోతుంది కూడా, చాలాసార్లు. కాకపోతే సోమవారం పొద్దున ఏదైనా తేడా కొట్టి వెనక్కి వెళ్లాల్సి వస్తే అప్పుడు అందరూ ఒకరి మొహం ఒకరు చూసుకుంటారు. ఈ ఆప్షన్లను ఎంత వేగంగా పని ముగిస్తాయనే దాన్నిబట్టి ఎంచుకుంటున్నారు, వెనక్కి ఎలా రావచ్చో చూసి ఎంచుకోవాలని నా గట్టి అభిప్రాయం.

ఇప్పుడే ఎందుకు రాస్తున్నానంటే, పోస్ట్‌గ్రెస్‌లో ప్రతి మేజర్ వెర్షన్‌కీ ఐదేళ్లే సపోర్ట్. 13కి 2025 నవంబర్‌తో అయిపోయింది, 14కి 2026 నవంబర్‌తో అయిపోతుంది. 2025 సెప్టెంబర్ 25న 18 వచ్చింది. ఊళ్లో ఇంకా 13 మీద, అంతకన్నా పాతవాటి మీద నడుస్తున్న బిల్లింగ్ సాఫ్ట్‌వేర్లు, ల్యాబ్ రిపోర్ట్ సాఫ్ట్‌వేర్లు బోలెడు. వాళ్లందరూ ఈ రెండేళ్లలో కదలాల్సిందే. ఇంకో విషయం, 16.3 నుంచి 16.4కి వెళ్లడానికి ఈ కమాండ్ అక్కర్లేదు, ప్యాకేజీ మార్చి రీస్టార్ట్ చేస్తే చాలు. చుక్కకు ముందున్న అంకె మారినప్పుడే దీని అవసరం. 9.6 దాకా లెక్క వేరుగా ఉండేది, 10 నుంచి ఇదే.

అసలు ఇది చేసేదేమిటి? టేబుళ్లలో ఉన్న మన డేటా ఫైళ్ల రూపం వెర్షన్ వెర్షన్‌కీ పెద్దగా మారదు, మారేది సిస్టమ్ క్యాటలాగ్, అంటే ఏ టేబుల్ ఎక్కడుంది, ఏ కాలమ్ ఏ రకం అని రాసుకునే లోపలి పట్టికలు. అందుకని ఇది పాత సర్వర్ నుంచి స్కీమా (టేబుళ్ల నిర్మాణం) మాత్రం డంప్ తీసి, అంటే ఫైల్‌గా రాసుకుని, కొత్తదాంట్లో కడుతుంది, డేటా ఫైళ్లను ఉన్నవి ఉన్నట్టు అక్కడికి చేరుస్తుంది. డంప్ తీసి రీస్టోర్ చేసే పాత పద్ధతిలో ప్రతి వరుసనీ మళ్లీ లోడ్ చేయాలి, ప్రతి ఇండెక్స్‌నీ (త్వరగా వెతకడానికి పేర్చి పెట్టుకునే సూచిక) మళ్లీ కట్టాలి, అర టెరాబైట్ దాటిన డేటాబేస్‌కి ఒక రాత్రి సరిపోకపోవచ్చు. బ్రూస్ మోంజియాన్ పీజీ మైగ్రేటర్ పేరుతో నడిపించిన ప్రాజెక్టే ఇది, 2010లో 9.0తో పాటు పోస్ట్‌గ్రెస్‌లోకి వచ్చింది, 9.5 నుంచి అసలు ప్రోగ్రాముల సరసన చేరింది. అంత పాతది, అంత నలిగినది కాబట్టే నాకు దీని మీద నమ్మకం.

ముఖ్యమైన ఆప్షన్లు నాలుగు. స్మాల్ బి అంటే పాత వెర్షన్ ప్రోగ్రాములున్న ఫోల్డర్, క్యాపిటల్ బి అంటే కొత్తవి ఉన్నది, స్మాల్ డి పాత డేటా ఫోల్డర్, క్యాపిటల్ డి కొత్త డేటా ఫోల్డర్. చిన్నక్షరం పాతది, పెద్దక్షరం కొత్తది. పోర్టులకూ అదే పద్ధతి, సర్వర్‌కి అదనంగా ఇచ్చే సెట్టింగులకు వాడే ‘ఓ’ ఆప్షన్‌కీ అదే. రాత్రి రెండింటికి నిద్రమత్తులో టైప్ చేసేవాడికి ఈ ఒక్క నియమం గుర్తుంటే చాలు, అందుకే ఈ ఏర్పాటు నాకు బాగా నచ్చింది. నడపాల్సింది ఎప్పుడూ కొత్త వెర్షన్‌తో వచ్చిన కమాండ్‌నే. క్యాపిటల్ బి ఇవ్వకపోతే ఆ కమాండ్ ఉన్న ఫోల్డర్‌నే తీసుకుంటుంది. రూట్‌గా లాగిన్ అయి నడిపితే ఒప్పుకోదు, పోస్ట్‌గ్రెస్ యూజర్‌గానే నడపాలి, అదీ ఆ యూజర్‌కి రాసే అనుమతి ఉన్న ఫోల్డర్‌లో నిలబడి. పోర్ట్ చెప్పకపోతే 50432 వాడుకుంటుంది, పని మధ్యలో ఏ అప్లికేషనూ మామూలు పోర్ట్ మీద తలుపు తట్టకుండా. మంచి ఆలోచన.

ఉబుంటు, డెబియన్ వాళ్లకు దీని మీద పీజీ అప్‌గ్రేడ్‌క్లస్టర్ అని ఇంకో కమాండ్ ఉంటుంది. అది కాన్ఫిగ్ ఫైళ్లు కూడా చూసుకుంటుంది, సుఖం. కానీ మెథడ్ ఏమీ చెప్పకపోతే అది డంప్ పద్ధతిలోకే వెళ్తుంది. ఇంత సేపు ఎందుకు పడుతోందని అడిగేవాళ్లలో చాలామంది సమాధానం ఇదే. మెథడ్ దగ్గర అప్‌గ్రేడ్ అని రాయాలి.

ఇక నాకు అన్నింటికన్నా ఇష్టమైన ఆప్షన్, చెక్. దీన్ని పాత సర్వర్ నడుస్తుండగానే, పట్టపగలు, అందరూ బిల్లులు కొడుతుండగానే నడపొచ్చు. దేన్నీ మార్చదు. వరుసగా ఒక్కో తనిఖీ పేరు రాస్తూ చివర ఓకే, ఓకే అని పెట్టుకుంటూ వెళ్తుంది. మొన్న ఒక క్లయింట్ దగ్గర ఆ ఓకేల వరుస మధ్యలో ‘కావలసిన లైబ్రరీలు ఉన్నాయా’ అనే తనిఖీ దగ్గర ఫేటల్ అని ఆగింది. కింద ఒక ఫైల్ పేరు ఇచ్చింది, లోడబుల్ లైబ్రరీస్ టెక్స్ట్. తెరిచి చూస్తే రెండే లైన్లు: పోస్ట్‌జీఐఎస్ 2.5 (మ్యాపుల పని కోసం చేర్చుకునే ఎక్స్‌టెన్షన్, అంటే అదనపు భాగం) లైబ్రరీ లోడ్ కాలేదు అని ఒకటి, అది ఫలానా డేటాబేస్‌లో ఉంది అని ఇంకొకటి. ఆ డేటాబేస్ డెలివరీ బండ్ల రూట్ల కోసం ఎప్పుడో పెట్టి ఎవరూ వాడకుండా వదిలేసింది. ఎవరికీ గుర్తులేని డేటాబేస్ పేరు చెప్పి మరీ పట్టించింది. ఎక్స్‌టెన్షన్ తీసేస్తే పోయింది. వాడుతున్నదైతే ముందు పాత సర్వర్‌లోనే ఆ ఎక్స్‌టెన్షన్‌ని కొత్తదాంట్లో దొరికే వెర్షన్‌కి పెంచుకుని అప్పుడు రావాలి. కొత్త సర్వర్‌లో కోర్ ప్యాకేజీ మాత్రం వేసి కాంట్రిబ్ (అదనపు ఎక్స్‌టెన్షన్లుండే) ప్యాకేజీ మర్చిపోయినవాళ్లకు కూడా ఇక్కడే దొరుకుతుంది.

11, అంతకన్నా పాతవాటి నుంచి వస్తుంటే ఇంకొన్ని పట్టుకుంటుంది. టేబుల్ కట్టేటప్పుడు ‘విత్ ఓఐడీస్’ అని రాసే అలవాటు ఒకప్పుడు ఉండేది, 12లో అది పూర్తిగా తీసేశారు, అలాంటి టేబుళ్ల పేర్లన్నీ ఒక ఫైల్‌లో రాసి ఇస్తుంది. పాత టైమ్ రకాలు కొన్ని కూడా 12లోనే పోయాయి. 15 నుంచి ఈ ఫైళ్లన్నీ కొత్త డేటా ఫోల్డర్ లోపల పీజీ అప్‌గ్రేడ్ అవుట్‌పుట్ అనే ఒకే చోట పడతాయి, అంతకు ముందు మనం ఏ ఫోల్డర్‌లో నిలబడి నడిపితే అక్కడ చిందరవందరగా పడేవి. చిన్న మార్పే గానీ ప్రాణం లేచొచ్చింది.

కానీ చెక్ పాసైతే ఇక అంతా అయిపోయినట్టే అనుకోవద్దు. చెక్ స్కీమాని కొత్తదాంట్లో కట్టి చూడదు. ఉదాహరణకి, పీజీ స్టాట్ బీజీరైటర్ అనే సిస్టమ్ వ్యూలో (సర్వర్ తన లెక్కలు చూపించే పట్టిక) చెక్‌పాయింట్ లెక్కలుండేవి, 17లో వాటిని పీజీ స్టాట్ చెక్‌పాయింటర్ అనే వేరే వ్యూలోకి మార్చారు. మీ మానిటరింగ్ కోసం ఎవరో ఆ పాత కాలమ్‌ల మీద ఒక వ్యూ కట్టి పెట్టి ఉంటే, చెక్‌లో అన్నీ ఓకేలే వస్తాయి, అసలు రాత్రి స్కీమా కట్టేటప్పుడు ఆ వ్యూ దగ్గర ఆగుతుంది. అందుకని నేను చెక్‌తో పాటు ఇంకో పని తప్పకుండా చేస్తాను. కొత్త వెర్షన్‌తో వచ్చిన పీజీ డంప్‌తో స్కీమా మాత్రమే డంప్ తీసి, పక్కన ఒక ఖాళీ సర్వర్‌లో రీస్టోర్ చేసి చూస్తాను. డేటా ఉండదు కాబట్టి చప్పున అయిపోతుంది. రెండూ దాటితే ఆ రాత్రి దాదాపు టెన్షన్ ఉండదు.

ఇప్పుడు అసలు విషయం, డేటా ఫైళ్లను కొత్త చోటికి ఎలా చేర్చాలనేది. ఏమీ చెప్పకపోతే కాపీ. 16 నుంచి కాపీ అని స్పష్టంగా రాయడానికి కూడా ఆప్షన్ ఉంది. పాత ఫైళ్లన్నింటికీ నకలు తీస్తుంది, అంత ఖాళీ స్థలం కావాలి, డేటా సైజును బట్టి టైమ్ పడుతుంది. కానీ పాత క్లస్టర్, అంటే పాత సర్వర్ డేటా మొత్తం, ఎలా ఉన్నది అలాగే ఉంటుంది. సోమవారం కాదు, బుధవారం వెనక్కి వెళ్లాలన్నా పాతది స్టార్ట్ చేస్తే లేస్తుంది (మధ్యలో చేరిన కొత్త ఎంట్రీల సంగతి మనమే చూసుకోవాలనుకోండి).

లింక్ అలా కాదు. హార్డ్ లింక్ అంటే ఒకే బీరువాకి రెండు తాళంచెవులు. పాత ఫోల్డర్‌లోంచి చూసినా కొత్త ఫోల్డర్‌లోంచి చూసినా డిస్క్ మీద ఉన్న ఫైల్ ఒక్కటే. అందుకే నిమిషాల్లో అయిపోతుంది, అందుకే అదనపు స్థలం దాదాపు అక్కర్లేదు, అందుకే రెండు ఫోల్డర్లూ ఒకే ఫైల్‌సిస్టమ్‌లో ఉండాలి. అందుకే కొత్త సర్వర్ ఒక్కసారి స్టార్ట్ అయి ఆ ఫైళ్లలో రాయడం మొదలుపెట్టాక పాతది ఇక సురక్షితంగా లేవదు. మన ఆఫీసులో కొత్తగా చేరిన అబ్బాయి ఒకతను, అమీర్‌పేటలో డీబీఏ కోర్సు చేసి వచ్చినవాడు, చురుకైనవాడు, అడిగాడు.

“అన్నా, లింక్ పెట్టేద్దాం, ఐదు నిమిషాల్లో అయిపోతుంది. కాపీ అంటే రాత్రంతా కూర్చోవాలి కదా?”

“పొద్దున జీఎస్టీ రిపోర్ట్ రావట్లేదని ఫోన్ వస్తే పాతదానికి ఎలా పోతావు?”

“బ్యాకప్ ఉంది కదన్నా.”

“ఉంది. అది రీస్టోర్ అవ్వడానికి ఎంతసేపో ఎప్పుడైనా చూశావా?”

చూడలేదు. చూడమన్నాను. ఆ రీస్టోర్‌కి కాపీకన్నా ఎక్కువ సేపు పట్టింది. అతనే లెక్క వేసుకుని కాపీ చేద్దామన్నాడు. లింక్ చెడ్డదని నేను అనడం లేదు, పెద్ద డేటాబేస్‌కి చాలాసార్లు అదే దారి, నేనూ వాడతాను. బ్యాకప్ రీస్టోర్ చేసి చూసుకుని, దానికి పట్టే సమయం వ్యాపారం భరించగలదో లేదో యజమానితో ముందే మాట్లాడుకుని, అప్పుడు వాడతాను.

లింక్‌లో వెనక్కి వచ్చే దారి గురించి చాలామందికి తెలియనిది ఒకటుంది. లింకులు వేయడం మొదలవగానే పాత డేటా ఫోల్డర్‌లో గ్లోబల్ కింద ఉండే పీజీ కంట్రోల్ ఫైల్ పేరు చివర ‘డాట్ ఓల్డ్’ అని చేరుస్తుంది, పొరపాటున ఎవరూ పాతది స్టార్ట్ చేయకుండా. ఆ తర్వాత ఏదైనా తప్పు కనిపించి, కొత్త సర్వర్‌ని ఇంకా ఒక్కసారి కూడా స్టార్ట్ చేయకుండా ఉంటే, ఆ తోక తీసేసి పాతది నిశ్చింతగా లేపుకోవచ్చు. అంటే తిరిగి రాలేని గీత కమాండ్ అయిపోయిన చోట లేదు, కొత్త సర్వర్‌ని మనం స్టార్ట్ చేసే చోట ఉంది. కాబట్టి లాగులు చదవడం, కాన్ఫిగ్ సరిచూడటం అంతా స్టార్ట్ కొట్టే ముందే పూర్తి చేయండి. అవుట్‌పుట్ చివర పచ్చజెండా కనబడగానే చెయ్యి ఆగదు, ఆపుకోండి.

వేగమూ కావాలి, వెనక్కి దారీ కావాలి అనేవాళ్లకు క్లోన్ ఉంది, 12లో వచ్చింది. ఫైల్‌సిస్టమ్ చేత రిఫ్‌లింక్ నకలు తీయిస్తుంది. క్షణాల్లో తయారవుతుంది, తర్వాత ఎవరు ఏ భాగం మార్చితే ఆ భాగానికే వేరే స్థలం తీసుకుంటుంది, పాతది పాతదిగానే ఉంటుంది. నా దృష్టిలో ఈ మొత్తం కమాండ్‌లో అన్నింటికన్నా మంచి ఆప్షన్ ఇదే, అన్నింటికన్నా తక్కువ మంది వాడేదీ ఇదే. ఎందుకు వాడరంటే ఇది లినక్స్‌లో ఎక్స్‌ఎఫ్‌ఎస్, బీటీఆర్‌ఎఫ్‌ఎస్ లాంటివాటి మీదే పనిచేస్తుంది, ఉబుంటు మామూలుగా ఇచ్చే ఈఎక్స్‌టీ4 మీద పనిచేయదు. ఎక్స్‌ఎఫ్‌ఎస్ అయినా ఫార్మాట్ చేసినప్పుడే రిఫ్‌లింక్ ఆన్ అయి ఉండాలి, తర్వాత ఆన్ చేయడం కుదరదు. సెంటాస్ 7 రోజుల్లో ఫార్మాట్ చేసిన డిస్క్‌ని తెచ్చి కొత్త మెషీన్‌కి తగిలిస్తే దాంట్లో ఉండదు. రెడ్‌హ్యాట్ 8, రాకీ లాంటివాటిలో కొత్తగా ఫార్మాట్ చేస్తే డిఫాల్ట్‌గా ఉంటుంది. ఎక్స్‌ఎఫ్‌ఎస్ ఇన్ఫో కమాండ్ కొట్టి రిఫ్‌లింక్ పక్కన 1 ఉందా 0 ఉందా చూడటానికి రెండు సెకన్లు పట్టదు. కొత్త సర్వర్ కొంటున్నప్పుడే ఈ మాట చెప్పి చేయించుకోండి, మూడేళ్ల తర్వాత అప్‌గ్రేడ్ రాత్రి మీకు మీరే దండం పెట్టుకుంటారు.

17లో కాపీ ఫైల్ రేంజ్ అని ఇంకోటి చేర్చారు, నకలు తీసే పనిని కెర్నెల్‌కి అప్పజెబుతుంది, ఫైల్‌సిస్టమ్‌ని బట్టి లాభం. 18లో స్వాప్ వచ్చింది. ఇది పాత డేటా ఫోల్డర్లను ఎత్తి కొత్తదాంట్లో పెట్టి క్యాటలాగ్ ఫైళ్లు మాత్రం మారుస్తుంది. టేబుళ్లు లక్షల్లో ఉన్నచోట, ఒక్కో కస్టమర్‌కి ఒక్కో స్కీమా పెట్టే సాఫ్ట్‌వేర్ల లాంటి వాటిలో, లింకులు వేయడానికే చాలాసేపు పడుతుంది, అక్కడ ఇది బాగా పనికొస్తుంది. అయితే ఫైళ్లు కదలడం మొదలైన క్షణం నుంచే పాత క్లస్టర్ పోయినట్టే. లింక్‌లో ఉన్న ఆ చిన్న వెసులుబాటు కూడా ఇందులో ఉండదు. బ్యాకప్ రీస్టోర్ చేసి చూసుకోని ఆఫీసుల్లో దయచేసి దీని పేరు ఎత్తకండి.

జాబ్స్ ఆప్షన్ గురించి ఒక్క మాట. 16 కోర్లున్నాయి కదా అని జె పక్కన 16 పెడతారు, తేడా ఏమీ కనబడక నిరాశ పడతారు. ఇది పని పంచేది డేటాబేస్‌ల వారీగా, టేబుల్‌స్పేస్‌ల (డేటా ఫైళ్లు పెట్టే చోట్లు) వారీగా. ఉన్నదే ఒక పెద్ద డేటాబేస్, ఒకే టేబుల్‌స్పేస్ అయితే పంచడానికి ఏముంది? ఒకే సర్వర్‌లో చిన్న చిన్న డేటాబేస్‌లు చాలా ఉన్నవాళ్లకు మాత్రం బ్రహ్మాండంగా ఉంటుంది.

18కి వెళ్లేవాళ్లు ఇంకోటి చూసుకోవాలి. కొత్త క్లస్టర్ కట్టే ఇనిట్‌డీబీ ఇప్పుడు డేటా చెక్‌సమ్‌లను (డిస్క్ మీద డేటా పాడైతే పట్టుకునే లెక్కలు) డిఫాల్ట్‌గా ఆన్ చేస్తోంది. పాతదాంట్లో ఆఫ్‌లో ఉంటే రెండూ కలవవు, అప్‌గ్రేడ్ ముందే ఆగిపోతుంది. రెండు దారులు. కొత్తదాన్ని నో డేటా చెక్‌సమ్స్ అనే ఆప్షన్‌తో కట్టడం ఒకటి, పాతదాన్ని ఆపి పీజీ చెక్‌సమ్స్ కమాండ్‌తో ఆన్ చేయడం రెండోది. ఈ కమాండ్ 12 నుంచి ఉంది. రెండోది మంచిది గానీ డేటా మొత్తం చదివి రాయాలి కాబట్టి దానికి వేరే ఆదివారం కేటాయించండి. రెండు పనులూ ఒకే రాత్రి పెట్టుకోవద్దు.

అప్‌గ్రేడ్ అయిపోయాక తెల్లవారి వచ్చే గోల గురించి చెప్పకపోతే రివ్యూ పూర్తికాదు. 17 దాకా ఈ కమాండ్ ప్లానర్ (క్వెరీని ఏ దారిలో నడపాలో ఎంచుకునే భాగం) గణాంకాలను కొత్తదాంట్లోకి తీసుకురాదు. ఏ టేబుల్‌లో ఎన్ని వరుసలున్నాయో, ఏ కాలమ్‌లో విలువలు ఎలా పరుచుకున్నాయో తెలియకుండా సర్వర్ మొదలవుతుంది, క్షణంలో రావాల్సిన లెడ్జర్ నిమిషాలు తిరుగుతుంది, కొత్త వెర్షన్ స్లో అని పేరు పడుతుంది. నిజానికి చేయాల్సిందల్లా వ్యాక్యూమ్‌డీబీ కమాండ్‌ని అనలైజ్ ఇన్ స్టేజెస్ ఆప్షన్‌తో నడపడం. మొదట పైపైన లెక్క కట్టి సర్వర్‌ని కాస్త కుదుటపరుస్తుంది, తర్వాత రెండు విడతల్లో పూర్తి లెక్క కడుతుంది. 13 దాకా దీనికి ఒక స్క్రిప్ట్ ఫైల్ తయారుచేసి ఇచ్చేది, ఇప్పుడు నడపాల్సిన కమాండ్ ఏమిటో చివర తెరమీద రాసి ఊరుకుంటుంది, ఆ చివరి లైన్లు చదివేవాళ్లు తక్కువ. 18లో గణాంకాలు చాలామటుకు వెంట వస్తున్నాయి, ఇన్నేళ్ల మొర విన్నారు. క్రియేట్ స్టాటిస్టిక్స్‌తో మనం ప్రత్యేకంగా కట్టుకున్నవి మాత్రం రావు, వాటికి వ్యాక్యూమ్‌డీబీలోనే మిస్సింగ్ స్టాట్స్ ఓన్లీ అనే కొత్త ఆప్షన్ ఉంది. కాన్ఫిగ్ ఫైళ్లు, హెచ్‌బీఏ ఫైల్ (ఎవరు కనెక్ట్ కావచ్చో రాసి ఉండేది) కూడా తనంతట తాను తీసుకురాదు. అప్లికేషన్ కనెక్ట్ కావట్లేదని ఫోన్ వస్తే ముందు హెచ్‌బీఏ చూడండి.

ఇక ఆ అర మార్కు సంగతి. బేగంబజార్‌లో ఒక హోల్‌సేల్ వ్యాపారి దగ్గర జరిగింది ఇది. వాళ్ల పాత వెండర్ సెంటాస్ 7 మీదున్న డేటా డిస్క్‌ని తీసి రాకీ 9 మెషీన్‌కి తగిలించి, అక్కడ 13 నుంచి కొత్త వెర్షన్‌కి ఈ కమాండ్‌తోనే మార్చి బిల్లు తీసుకుని వెళ్లిపోయారు. వారం తిరక్కుండానే కౌంటర్‌లో కూర్చునే గుమాస్తా నాకు ఫోన్ చేసి, “సార్, పాత ఐటెం కోడ్ కొడితే లేదంటోంది, సరేనని కొత్తగా ఎంటర్ చేస్తే తీసుకుంటోంది, ఒకే కోడ్ రెండుసార్లు కనబడుతోంది” అన్నాడు. కోడ్ కాలమ్ మీద యూనిక్ ఇండెక్స్ ఉంది, రెండుసార్లు పడటం అనేదే జరగకూడదు. వెళ్లి చూస్తే నిజమే. ఇండెక్స్ వాడే క్వెరీకి ఆ వరుస దొరకడం లేదు, ఇండెక్స్ వాడకుండా టేబుల్ మొత్తం వెతికిస్తే అక్కడే ఉంది.

జరిగిందేమిటంటే, పోస్ట్‌గ్రెస్ అక్షరాల క్రమం కోసం మామూలుగా ఆపరేటింగ్ సిస్టమ్‌లోని జీలిబ్‌సీ అనే లైబ్రరీ మీద ఆధారపడుతుంది. సెంటాస్ 7లో జీలిబ్‌సీ 2.17. అది 2.28కి వచ్చేసరికి ఆ క్రమం పెద్దఎత్తున మారింది. చాలామంది వాడే పరీక్ష ఒకటుంది: 11, 1-1 అనే రెంటినీ వరుసలో పెట్టమంటే పాతది 11ని ముందు పెడుతుంది, కొత్తది 1-1ని ముందు పెడుతుంది. వాళ్ల ఐటెం కోడ్‌లన్నీ మధ్యలో గీతలున్నవే. పాత క్రమంలో పేర్చిన ఇండెక్స్‌లో కొత్త క్రమం ప్రకారం వెతికితే ఉన్నది ఎలా దొరుకుతుంది? డంప్ రీస్టోర్ చేసి ఉంటే ఇండెక్స్‌లు కొత్తగా కట్టబడి ఈ గొడవే ఉండేది కాదు. పీజీ అప్‌గ్రేడ్ ఇండెక్స్ ఫైళ్లను ఉన్నవి ఉన్నట్టు తెస్తుంది, దాని వేగమంతా అక్కడే ఉంది. తప్పు ఆపరేటింగ్ సిస్టమ్ మారినప్పుడు రీఇండెక్స్ చేయకపోవడంలో, అంటే ఇండెక్స్‌లు మళ్లీ కట్టకపోవడంలో ఉంది, కమాండ్‌లో లేదు. అయినా ఇంత శ్రద్ధగా అన్నీ తనిఖీ చేసే చెక్ ఆప్షన్ ఈ ప్రమాదాన్ని ఒక్క లైన్‌లోనైనా గుర్తుచేసి ఉంటే బాగుండేదని నాకు గట్టిగా అనిపించింది. 15 నుంచి డేటాబేస్ ఏ కొలేషన్ వెర్షన్‌తో తయారైందో రాసుకుని తేడా ఉంటే హెచ్చరిస్తుంది, కానీ 13, 14 నుంచి వచ్చేవాళ్ల దగ్గర పాత వెర్షన్ రాసిపెట్టే ఏర్పాటే లేదు కాబట్టి ఆ హెచ్చరికను నమ్ముకుని కూర్చోవద్దు.

బాగుచేయడం కష్టమే. పీజీ ఏఎమ్‌చెక్ అనే కమాండ్ 14 నుంచి వస్తుంది, దాంతో ఏ ఇండెక్స్‌లు చెడ్డాయో జాబితా తీశాం. రెండుసార్లు పడ్డ కోడ్‌లను గుమాస్తా, నేను పక్కపక్కన కూర్చుని స్టాక్ పుస్తకం చూసుకుంటూ ఒక్కొక్కటి కలిపాం, ఎందుకంటే డూప్లికేట్లు ఉండగా యూనిక్ ఇండెక్స్ మళ్లీ కట్టనివ్వదు. తర్వాత టెక్స్ట్ కాలమ్‌ల ఇండెక్స్‌లన్నీ రీఇండెక్స్. ఆ సేటు, పాపం, ఒక్క మాట అనకుండా టీ తెప్పిస్తూ కూర్చున్నాడు. మెషీన్ మారినా, ఆపరేటింగ్ సిస్టమ్ మారినా కొత్త సర్వర్‌ని కౌంటర్‌కి ఇచ్చే ముందే రీఇండెక్స్ చేసి తీరాలి. లేదా ఆ మార్పుని లాజికల్ రెప్లికేషన్‌తోనో (మార్పులను వరుసల వారీగా వేరే సర్వర్‌కి పంపే పద్ధతి) డంప్‌తోనో చేయాలి.

స్టాండ్‌బై సర్వర్లు (అసలుదానికి నకలుగా పక్కన నడిచేవి) ఉన్నవాళ్లకు ఫైళ్లు నకలు తీసే ఆర్‌సింక్ కమాండ్‌తో హార్డ్ లింకులు కాపాడుతూ వాటినీ మార్చే పద్ధతి డాక్యుమెంటేషన్‌లో ఉంది, వరుస తప్పితే స్టాండ్‌బై పాడవుతుంది, నేనైతే ఓపిగ్గా బేస్ బ్యాకప్‌తో మళ్లీ కట్టుకుంటాను. ఏడబ్ల్యూఎస్ హైదరాబాద్ రీజియన్ 2022 నవంబర్‌లో వచ్చాక ఆర్‌డీఎస్‌కి (అమెజాన్ తానే నడిపి ఇచ్చే డేటాబేస్ సేవ) మారినవాళ్లు ఇవన్నీ మాకెందుకు అంటారు. అక్కడా లోపల నడిచేది పీజీ అప్‌గ్రేడే, ఆప్షన్లు మన చేతిలో ఉండవంతే. వెనక్కి రావాలంటే స్నాప్‌షాట్ నుంచి కొత్త ఇన్‌స్టెన్స్ లేపుకోవడమే దారి. ఆటోమేటిక్ బ్యాకప్ ఆన్‌లో ఉందో లేదో ముందే చూసుకోండి.

కమాండ్ అయిపోయాక డిలీట్ ఓల్డ్ క్లస్టర్ అని ఒక స్క్రిప్ట్ వదిలి వెళ్తుంది. డిస్క్ నిండిపోతోందని ఆ రాత్రే దాన్ని నడిపేవాళ్లను చూశాను. కాపీ, క్లోన్ చేసినవాళ్లు కనీసం ఒక నెలాఖరు క్లోజింగ్ అయ్యేదాకా దాన్ని ముట్టుకోవద్దు, నెలాఖరులో మాత్రమే నడిచే రిపోర్టులు అప్పటిదాకా పరీక్షకు రావు. లింక్ చేసినవాళ్లకైతే దాన్ని నడిపినా డిస్క్‌లో పెద్దగా ఖాళీ రాదు, ఆ ఫైళ్లు కొత్త సర్వర్ వాడుతున్నవే కాబట్టి.